నాలుగడుగుల దూరంలో మనిషి

"పాలు అంచుదాకా వచ్చాయి," అని చెవిలో కనుతోడు చెప్పేసరికే వకుళ స్టవ్ కట్టేసింది. పాలు పొంగే ముందు గిన్నె చేసే చప్పుడు ఆమెకి యంత్రం కన్నా ముందే తెలుస్తుంది. అయినా ఆ మాట చెప్పించుకోవడం అలవాటైపోయింది.

అది 2079వ సంవత్సరం, జూలై నెలలో ఒక మంగళవారం. పెరిగిన సముద్రాన్ని ఆపడానికి కాకినాడ చుట్టూ కట్టిన గోడకి ఇవతల, ఒక భవనంలో పద్నాలుగో అంతస్తు. భర్త మురహరి తొమ్మిదింటికి "వెళ్ళొస్తా వకుళా" అన్నాడు. తలుపు పడిన చప్పుడైంది. వకుళ కాఫీ కలుపుకుని తన పనిగదిలోకి వెళ్ళింది.

ఆమెకి నలభై ఏడేళ్ళు. ముప్ఫై ఒకటో ఏట చూపు పోయింది. అప్పటికే చాలా కంటిజబ్బులకి మందులొచ్చాయి గానీ ఆమెకి వచ్చినదానికి రాలేదు. నావికులు లేకుండా తమంతట తామే తిరిగే సరుకు ఓడలు కాకినాడ రేవులో ఆగినప్పుడు వాటి ఇంజిన్ల చప్పుడు రికార్డయి ఆమె దగ్గరికి వస్తుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని విని, ఏ బేరింగు అరిగిందో, ఏ పంపులో గాలి చేరిందో చెప్పడం ఆమె ఉద్యోగం. ఈ పనికి యంత్రాలు కూడా ఉన్నాయి. అవి తేల్చుకోలేనివి వకుళ దగ్గరికి వస్తాయి.

ఇంట్లో రోజంతా ఒక్కతే ఉంటుంది. ఒక్కతే వండుకుంటుంది, తింటుంది, బట్టలు ఆరేసుకుంటుంది. ఎవరైనా "సాయానికి మనిషిని పెట్టుకోకూడదా?" అంటే ఆమెకి చిర్రెత్తుకొస్తుంది. "నా కనుతోడు నాకుంది," అంటుంది.

కనుతోడు అరచేతిలో పట్టేంత పలక. వెనకటి తరం మొబైల్ ఫోను చేసిన పనులన్నీ చేస్తుంది కాబట్టి ఊళ్ళో అందరి దగ్గరా ఉంది. చూపు లేనివాళ్ళకి మాత్రం అది ఇంకో పని కూడా చేసిపెడుతుంది. మెడలో గొలుసుకి వేసుకుంటే ముందువైపు కెమెరా చూస్తుంది. నాలుగు అంచుల్లోంచీ రేడియో తరంగాలు బయలుదేరి గోడకి, కుర్చీకి, మనిషికి తగిలి వెనక్కి వస్తాయి. వీటికి స్పర్శతరంగాలని పేరు పెట్టారు. గోడకి తగిలినవి నిలకడగా తిరిగొస్తాయి. మనిషికి తగిలినవి సన్నగా వణుకుతూ వస్తాయి. మనిషి ఊపిరి తీస్తాడు, గుండె కొట్టుకుంటుంది, అందుకని. ఆ వణుకుని బట్టి ఎదురుగా ఉన్నది మనిషో బీరువానో యంత్రం తేల్చేస్తుంది. నడకని బట్టి ఏ మనిషో పోల్చుకుంటుంది. చెప్పదలచినదంతా చెవి వెనక ఎముకకి అంటించిన బిళ్ళ గుండా చెబుతుంది. పక్కనున్నవాళ్ళకి ఏమీ వినపడదు.

పది గంటల ముప్ఫై అయిదుకి కనుతోడు గుర్తుచేసింది. "నా ప్రోగ్రాముకి కొత్త సంచిక వచ్చి నాలుగు రోజులైంది. ఇప్పుడు ఎక్కించమంటారా? మనుషుల్ని గుర్తించే వేగం పెరుగుతుంది."

ఆ నాలుగు రోజులూ వకుళ "తర్వాత" అంటూ వచ్చింది. ఇవాళ చేతిలో పని తక్కువగా ఉంది.

"సరే, ఎక్కించు."

యంత్రం అయిదు నిమిషాలు మూగబోయింది. ఆమె హెడ్‌ఫోన్లు తీసి, చల్లారిన కాఫీ వేడి చేసుకుందామని హాల్లోకి వచ్చింది. దారి కంఠతా వచ్చిన ఇల్లే. సోఫా వెనకనుంచి నాలుగంగలు, అక్కడినుంచి ఎడమకి వంటిల్లు. సగం దూరంలో ఉండగా కనుతోడు మేలుకుని చిన్న గంట మోగించింది.

"కొత్త సంచిక సిద్ధం," అంది. వెంటనే, అదే గొంతుతో, "ఒక మనిషి. ఎదురుగా. నాలుగడుగుల దూరం. నిలబడి ఉన్నారు," అంది.

వకుళ అడుగు గాల్లోనే ఆగిపోయింది.

"ఏవండీ?" అంది ముందు. మురహరి ఏదో మరిచిపోయి తిరిగొచ్చాడేమో అనుకుంది. జవాబు రాలేదు. మురహరి అయితే యంత్రం పేరు పెట్టి చెప్పేది.

"ఎవరది?"

ఏసీ చప్పుడు. కింద ఎక్కడో గోడకి కొట్టుకుంటున్న సముద్రం. ఇంకేమీ లేదు.

"గుర్తించు," అంది యంత్రంతో, గొంతు తగ్గించి.

"చెప్పడానికి అనుమతి లేదు."

కొత్త సంచిక ఎక్కినప్పుడల్లా ఇలాంటి గొడవ ఏదో ఒకటి ఉంటుంది. అనుమతులన్నీ చెరిగిపోతాయి, మళ్ళీ ఒక్కొక్కటే ఇచ్చుకోవాలి. కిందటిసారి సంచిక ఎక్కాక రెండు రోజులపాటు టైము తప్పు చెప్పింది. అలా మనసుకి చెప్పుకుంటూనే వకుళ వెనక్కి జరిగి వీపు గోడకి ఆనించింది. ఆ స్థితిలో ఏ భార్య అయినా చేసే పనే చేసింది. మురహరికి ఫోను చేసింది. అతను ఎత్తలేదు. అర నిమిషానికి అతని సందేశం వచ్చింది. కనుతోడు చదివి వినిపించింది.

"మీటింగులో ఉన్నాను. ఏమైనా కావాలా?"

"ఇంట్లో ఎవరో ఉన్నారని చెబుతోంది యంత్రం. నాకు భయంగా ఉంది. రండి," అని ఆమె గుసగుసగా చెప్పి పంపింది.

"కొత్త సంచిక ఎక్కించావా? అందులో తేడా అయివుంటుంది. ఒకసారి రీస్టార్ట్ చెయ్యి."

ఆ మాటలతో ఆమెకి కొంచెం ప్రాణం లేచివచ్చింది. పలక పక్కనున్న మీట పదంకెలు లెక్కపెట్టేదాకా నొక్కి పట్టుకుంది. యంత్రం ఆగింది. ఆ నిమిషంన్నరా ఆమె ఊపిరి కూడా తీయకుండా వింది. ఎక్కడో నేలపలక సన్నగా కిర్రుమంది. అలాంటి చప్పుడు ఆ ఇంట్లో అప్పుడప్పుడూ వినపడేదే. ఎప్పుడు అడిగినా "ఎవరూ లేరు" అని కనుతోడు చెప్పేది. అందుకని ఆమె పట్టించుకోవడం మానేసింది.

గంట మోగింది. "ఒక మనిషి. కుడివైపు. ఆరడుగుల దూరం. నిలబడి ఉన్నారు."

వకుళ గోడవారగా కూర్చుండిపోయింది. తర్వాత సేవాకేంద్రానికి ఫోను కలపమంది.

"నమస్కారమండీ. కనుతోడు సేవాకేంద్రం. నా పేరు ఏసుపాదమండి. చెప్పండమ్మా, ఏం ఇబ్బందొచ్చింది?"

మధ్యవయసు మనిషి గొంతు, గోదావరి యాస. రోజంతా మాట్లాడి మాట్లాడి అలిసిన గొంతు. వకుళ జరిగినది చెప్పింది. అటువైపు పెద్ద నిట్టూర్పు వినిపించింది.

"కంగారుపడకండమ్మా. నాలుగు రోజుల్నుంచీ ఇదే గొడవండి. లేని మనుషులు ఉన్నారంటోందని ఊరూరా ఫిర్యాదులే. మేం దానికి 'భూతం పట్టడం' అని పేరు కూడా పెట్టుకున్నాం. గదిలో నిలువుటద్దం ఉందాండీ?"

"లేదండి."

"కోటు తగిలించే కొయ్యగానీ, పెద్ద పూలకుండీగానీ?"

"లేవు. నాకు కాలికి తగిలేవేవీ ఇంట్లో పెట్టుకోను."

"అయితే తరంగాల లెక్క తప్పుంటుందండి. ముందు దాని తాత్కాలిక జ్ఞాపకం తుడిచేద్దాం. నేను చెప్పినట్టు నొక్కండి."

పైమీట రెండుసార్లు, కిందిమీట ఒకసారి. అతను చెబుతుంటే ఆమె నొక్కింది. జ్ఞాపకం తుడిచారు. అదనపు పనులేవీ నడవని రక్షిత స్థితిలో యంత్రాన్ని తిరిగి లేపారు. ప్రతిసారీ గంట మోగడం, ప్రతిసారీ ఆ మనిషి. ఒకసారి అయిదడుగులు, ఒకసారి ఏడు.

"పోనీ, ఖాళీ గది పాఠం చెబుదామండి," అన్నాడు ఏసుపాదం. "యంత్రం అయోమయంలో పడితే ఒక ఖాళీ గది చూపించి, ఇదిగో ఖాళీ అంటే ఇలా ఉంటుందని నేర్పుతామన్నమాట. మీరు లేచి గది మధ్యలో నిలబడి నెమ్మదిగా ఒక చుట్టు తిరగండి. తర్వాత 'ఈ గది ఖాళీ' అనండి, చాలు."

ఆమె లేచింది. గది మధ్యకి రెండడుగులు వేసి, గుడిలో ఆత్మప్రదక్షిణం చేసినట్టు తన చుట్టూ తాను తిరిగింది.

"ఈ గది ఖాళీ," అంది.

"ఈ గది ఖాళీగా లేదు," అంది కనుతోడు.

ఆ జవాబు ఫోనులో ఏసుపాదానికీ వినిపించింది.

"అమ్మా, మీరొప్పుకుంటే మీ యంత్రానికి తిరిగొస్తున్న తరంగాలని నేనిక్కడ చూస్తాను. కెమెరా కాదండి, కెమెరా చూసే హక్కు మాకు లేదు. ఉత్త చుక్కలే కనిపిస్తాయి."

"చూడండి."

కాసేపటికి అతని గొంతులో అలుపు మాయమైంది. బాగా తగ్గించి మాట్లాడాడు.

"ఇప్పుడు నేను చెప్పేది మీకొక్కరికే వినపడుతుంది. మీరు గట్టిగా ఏమీ అనకండి. అద్దాలు ఊపిరి తీయవమ్మా. నా ముందున్న బొమ్మ నిమిషానికి ఇరవై రెండుసార్లు ఊపిరి తీస్తోంది. మీ గదిలో నిజంగానే మనిషున్నారు. వాకిలికీ మీకూ మధ్యలో."

వకుళ పెదవి కొరుక్కుని అరుపు ఆపుకుంది.

"పోలీసులకి కబురు పెడుతున్నాను. వాళ్ళొచ్చేసరికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఈలోపల, యంత్రం బాగుపడిందనుకున్నట్టు నాతో మామూలుగా మాట్లాడండి."

"ఓహో, బాగైపోయిందాండీ?" అంది వకుళ. ఆ గొంతు తనదేనా అని ఆమెకే అనుమానం వచ్చింది. "మొదట్లో ఏదో అనుమతి లేదు అనికూడా అందండీ. అది కూడా పోయినట్టేనా?"

"ఏమని అందీ?"

"ఎవరని అడిగితే, చెప్పడానికి అనుమతి లేదంది."

"ఉండండమ్మా, పోలీసుల్ని ఆపుతున్నాను. కొత్తమనిషైతే అది 'తెలియదు' అంటుందండి. 'అనుమతి లేదు' అంటే దానికి తెలుసు. అగోచర హక్కు గురించి విన్నారా?"

విన్నది. ఎనిమిదేళ్ళ కిందట దాని మీద దేశమంతా పెద్ద చర్చ జరిగింది. చూపు లేనివాళ్ళ యంత్రాలు బస్సుల్లో, బజారుల్లో కనిపించిన ప్రతి మనిషినీ వర్ణిస్తుంటే చాలామందికి గిట్టలేదు. ఎవడో గుడ్డివాడి చెవిలో నా బట్టతల గురించి ఎందుకు చెప్పాలి అన్నారు. దాంతో చట్టం వచ్చింది. తన గురించి ఎవరికీ చెప్పకూడదనుకున్న మనిషి తన నడకముద్రని ప్రభుత్వ జాబితాలో చేర్చుకోవచ్చు. ఇక ఏ యంత్రమూ ఆ మనిషి పేరు చెప్పదు, ఉన్నాడనీ చెప్పదు.

"ఆ జాబితాలో ఉన్నవాళ్ళు ఎదురుగా నిలబడ్డా మీ యంత్రం ఇన్నాళ్ళూ ఎవరూ లేరనేదండి," అన్నాడు ఏసుపాదం. "వాళ్ళకి మీరు తగలకుండా మాత్రం పక్కనుంచి నడిపించేది. ఎందుకో చెప్పేది కాదు. కొత్త సంచికలో సగం తెర చిరిగింది. పేరు దాస్తోంది, మనిషిని దాయలేకపోతోంది. ఇప్పుడర్థమైంది నాకు. ఇవి భూతాలు కావు."

వకుళకి ఒక్కసారిగా ఎన్నో మధ్యాహ్నాలు గుర్తొచ్చాయి. తెలిసిన ఇంట్లో, ఏ అడ్డూ లేని హాల్లో, "కాస్త కుడికి" అని యంత్రం తనని వంకరగా నడిపించిన మధ్యాహ్నాలు.

"ఇంకొకటుందండి. ఎవరో నాకు కనపడదు గానీ నమోదు తీరు కనపడుతుంది. ఈ మనిషి లోకమంతటికీ దాగలేదు. మీ ఒక్క యంత్రానికే, అదీ పనిరోజుల్లో పగటిపూట మాత్రమే దాగారు. రెండేళ్ళయింది, 2077 జూన్ పన్నెండున."

వకుళ చెవి వెనక బిళ్ళ పీకేసింది. యంత్రాన్ని మెడలోంచి తీసి సోఫా మీద పెట్టింది. అలా నిలబడి, ఓడ ఇంజిన్ని విన్నట్టు ఆ గదిని వింది. ముందు ఏసీ చప్పుడుని పక్కకి తీసేసింది. తర్వాత సముద్రాన్ని. తర్వాత తన గుండె చప్పుడుని. అన్నీ పోగా ఒకటి మిగిలింది. సన్నని ఊపిరి. లోపలికి తీసినప్పుడు ఎడమ ముక్కులో చిన్న ఈల.

ఇరవై రెండేళ్ళుగా ఆ ఈల పక్కనే ఆమె నిద్రపోతోంది.

"ఏవండీ," అంది.

తర్వాత మోకాలు చిటుక్కుమన్న చప్పుడు. మురహరి నేల మీద కూలబడ్డాడు.

"వకుళా..."

"మీటింగు అయిపోయిందా?"

అతను ఏడుస్తున్నట్టు తెలుస్తోంది. ఆమెకి మాత్రం ఏడుపు రాలేదు.

"రెండేళ్ళ కిందట ఒకరోజు నీ చెయ్యి కాలింది కదా," అన్నాడు మురహరి. "సాయంత్రం నేనొచ్చేసరికి కట్టు కట్టుకుని నవ్వుతూ చెప్పావు. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. మర్నాడు సెలవు పెట్టి, చెబితే నువ్వు ఒప్పుకోవని, వెళ్ళినట్టు తలుపు వేసి ఇక్కడే నిలబడ్డాను. ఒక్కరోజే అనుకున్నాను. ఆ ఒక్కరోజే నువ్వు స్టవ్ కట్టెయ్యడం మరిచిపోయావు. నేను కట్టేశాను. ఆ నెలలోనే ఉద్యోగం మానేశాను."

"ఎన్నిసార్లు కట్టేశారు?"

"మూడుసార్లు. ఒకసారి బాల్కనీ తలుపు దగ్గర నీళ్ళు ఒలికితే తుడిచాను."

రెండేళ్ళుగా ఒక్కదాన్నే నెగ్గుకొస్తున్నాననుకుంది. చెల్లెలికి, స్నేహితులకి, రేవు ఆఫీసులో వాళ్ళకి గొప్పగా చెప్పుకుంది.

"మా చెల్లితో నేను మీ గురించి మాట్లాడినవన్నీ విన్నారా?"

"విన్నాను."

"అమ్మ పోయిన నెల్లో, అన్నం ముందు కూర్చుని ఏడ్చాను. అప్పుడు?"

"ఎదురుగా కుర్చీలో ఉన్నాను."

"స్నానం చేసి బట్టలు కట్టుకోకుండా ఇల్లంతా తిరిగేదాన్ని, ఎవరూ లేరు కదాని."

మురహరి ముక్కు ఎగబీల్చాడు.

"అవన్నీ పోనివ్వండి," అంది వకుళ. "ఇందాకటినించీ ప్రాణాలు పోతాయని వణికిపోతున్నాను. నాలుగడుగుల దూరంలో నిలబడి చూశారు. చూస్తూ, రీస్టార్ట్ చెయ్యమని రాశారు. అదొక్కటి చెప్పండి, ఎందుకు చేశారు?"

"చెబితే ఇంకెప్పటికీ నన్ను నమ్మవని భయమేసింది," అన్నాడు. "ఎలాగోలా రీస్టార్ట్ అయితే నేను మళ్ళీ కనపడననుకున్నాను."

గుప్పిట్లోని బిళ్ళ ఏసుపాదం పిలుపులకి సన్నగా అదురుతూనే ఉంది. వకుళ బిళ్ళ అంటించుకుని, పలక తీసుకుని పడకగదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

"తెలిసిన మనిషేనండి. ప్రమాదమేమీ లేదు."

"దేవుడి దయ. అమ్మా, చెప్పకూడదు గానీ చెబుతున్నాను. ఇలాంటివి పదకొండు వందల పైచిలుకు వచ్చాయండి. అన్నిటికీ యంత్రదోషమనే రాసి మూసేశాం. ఒకాయన అయితే పాపం, దానిచేత ఖాళీ అనిపించడానికి మూడు రోజులు ఆ పాఠమే చెప్పాడు." అతను గొంతు సవరించుకున్నాడు. "చట్టం ప్రకారం ఆ తెర కుట్టి తీరాలి. సాయంత్రం నాలుగింటికి సవరించిన సంచిక వస్తుంది. ఎక్కించమంటారా?"

"ఎక్కించకపోతే?"

"వద్దంటే ఎక్కదండి. ఇలాగే ఉంటుంది. పైవాళ్ళు ఊరుకున్నంతకాలం ఉంటుంది. అయితే వద్దన్నవాళ్ళు ఇంతవరకూ ముగ్గురే. మిగతావాళ్ళంతా ఎవరూ లేరని వింటే చాలు, నిద్ర పడుతుందంటున్నారు."

"నాలుగో మనిషిగా నన్ను రాసుకోండి," అంది వకుళ. "ఇందాక మీరు ఊపిరి లెక్క చెప్పారు చూడండి, ఇకనుంచి అది కూడా నా యంత్రమే నాకు చెప్పేలా పెట్టండి."

ఆ మధ్యాహ్నమే మురహరి ఆమె ఎదుట కూర్చుని జాబితాలోంచి తన నడకముద్ర తీసేయించాడు. "మురహరి. ఎదురుగా. మూడడుగుల దూరం. కూర్చుని ఉన్నారు," అంది కనుతోడు. ఆ పేరు వినగానే వకుళకి దుఃఖం పొంగుకొచ్చింది. ఇద్దరూ కాసేపు ఏడ్చారు. ఇంకెప్పుడూ ఇలా దాగనని అతను తన తల్లి మీద ఒట్టు వేశాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

రాత్రి భోజనాల దగ్గర అతను మామూలుగా అడిగినట్టే అడిగాడు. "సవరించిన సంచిక వచ్చిందటగా, ఎక్కించుకున్నావా?"

"ఎక్కించుకున్నాను," అంది వకుళ. ఎందుకు అబద్ధం చెప్పిందో ఆమెకే తెలియలేదు.

జగన్నాథపురంలో ఒక స్నేహితుడికి పడవలు బాగుచేసే షెడ్డు ఉంది. మురహరి అక్కడ పనికి కుదిరాడు. తొమ్మిదింటికి "వెళ్ళొస్తా వకుళా" అనడం, తలుపు పడటం, లిఫ్టు దిగడం. కనుతోడు "ఎవరూ లేరు" అనేది. అది నిజమేనని ఆమెకి తెలుసు. తొమ్మిది రోజులు అలా నడిచింది. ఆ తొమ్మిది రోజులూ ఇల్లు ఎంత పెద్దదో, ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో ఆమెకి మొదటిసారి తెలిసింది. మూడో రోజున స్టవ్ దగ్గర చేతులు వణికాయి. కట్టానా లేదా అని నాలుగుసార్లు తడిమి చూసుకుంది. అయినా కట్టింది తనే.

పదో రోజు వాన పట్టింది. తలుపు పడింది. వకుళ జడ వేసుకుంటోంది.

"ఒక మనిషి. ఎడమవైపు. ఏడడుగుల దూరం. నిలబడి ఉన్నారు."

ఆమె చేతులు జడలోనే ఆగాయి. నోటితో ఏమీ అనకుండా, గుర్తించే మీట మీద వేలు నొక్కింది.

"చెప్పడానికి అనుమతి లేదు."

అరవబోయి ఆగింది. అతను ఉన్నట్టు తనకి తెలుసు. తనకి తెలుసని అతనికి తెలియదు. ఈ ఆలోచన రాగానే ఆగిన చేతులు మళ్ళీ కదిలాయి. జడ పూర్తిచేసి, రిబ్బను కట్టి, తీరిగ్గా చెల్లెలికి ఫోను చేసింది.

"ఈ మధ్య మా ఆయన ఎంత మారిపోయారనుకున్నావే," అంది. "ఒట్టేశారంటే ఒట్టే. మా ఆయనలాంటి మనిషి దొరకడం నా అదృష్టం."

ఊపిరి లెక్క ఇరవైనించి పదహారుకి దిగింది. అతనికి సంతోషంగా ఉంది. వకుళ ఫోను పెట్టేసింది. లేచి వంటింట్లోంచి ప్లాస్టిక్ స్టూలు ఈడ్చుకుంటూ బాల్కనీలోకి తీసుకెళ్ళింది. వాన చినుకులు మొహానికి తగిలాయి. పిట్టగోడ ఆమె నడుం ఎత్తు ఉంటుంది. దాని పక్కనే స్టూలు వేసి, పైన తీగ మీది తడిబట్టలు తీయడానికన్నట్టు ఎక్కి నిలబడింది.

"నిమిషానికి ఇరవై ఆరు. అయిదడుగుల దూరం," అంది కనుతోడు.

ఆమె మునివేళ్ళ మీద లేచింది. స్టూలు ఒకవైపు కొద్దిగా ఒరిగింది.

"ముప్ఫై నాలుగు. రెండడుగుల దూరం."

పద్నాలుగు అంతస్తుల కింద ఏదో బండి హారను మోగింది. వకుళ ఒక చేత్తో తీగ పట్టుకుని, పిట్టగోడవైపు ఒంగి, అవతలికి జారిన చీరకొంగు కోసమన్నట్టు వెతికింది. కొంగు ఆమె నడుముకే దోపి ఉంది.

"నలభై ఒకటి. ఒక అడుగు దూరం. రెండు చేతులూ చాచి ఉన్నారు."

ఇప్పుడతను "వకుళా" అని ఒక్క పిలుపు పిలిస్తే దిగిపోవాలనుకుంది. పిలుస్తాడని ఎదురుచూసింది. వానలో ఆ ముక్కు ఈల స్పష్టంగా వినిపిస్తోంది. అతను పిలవలేదు, ముట్టుకోలేదు. ఆమె అలాగే ఒంగి ఉండి, మెల్లగా వందదాకా లెక్కపెట్టింది. తర్వాత దిగి, బట్టలు బుట్టలో వేసుకుని, పాట పాడుకుంటూ లోపలికొచ్చింది. మంచం మీద కూర్చున్నాక చేతులు తడిమి చూసుకుంది. ఏమాత్రం వణకడం లేదు. ఆ సంగతి తెలిశాక మాత్రం చాలా భయమేసింది.

మర్నాడు ఉదయం తొమ్మిదింటికి మురహరి చెప్పులేసుకుంటున్నాడు. రాత్రంతా నిద్ర లేని గొంతుతో "వెళ్ళొస్తా వకుళా" అన్నాడు.

"ఏవండీ," అంది ఆమె వాకిట్లోకి వచ్చి. "సాయంత్రం వచ్చేటప్పుడు బజార్లో ఒక స్టూలు కొనుక్కురండి. ఉన్నది చాలడం లేదు. ఇంకొంచెం ఎత్తుది కావాలి."

మురహరి చెప్పుల చప్పుడు ఆగిపోయింది. కనుతోడు అతని ఊపిరి లెక్క చెబుతూనే ఉంది.

"అలాగే," అన్నాడు చివరికి.